ఒకే పేరు, మూడు అభిషేకాలు: బిషప్ అజరయ్యగారి జీవితం



నిర్ధారణ తరగతికి వచ్చే ప్రతి బిడ్డకూ మన సంఘాల్లో ఒక పాఠం చెబుతాం. క్రీస్తు మన ప్రవక్త, మన యాజకుడు, మన రాజు అని. బిడ్డలు ఆ మూడు మాటలనూ చక్కగా వల్లిస్తారు. బిషప్‌గారు వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. అందరం సంతోషిస్తాం. ఆ తరువాత ఆ మూడు మాటలు ఏమైపోయాయని ఎవరూ అడగరు. మేమూ చిన్నప్పుడు అలాగే వల్లించాం, అలాగే మరచిపోయాం.

ఇప్పుడు మా పిల్లలకు ఆ పాఠం చెప్పవలసి వచ్చింది. ప్రవక్త అంటే జరగబోయేది చెప్పేవాడు, యాజకుడు అంటే గొర్రెపిల్లను బలి ఇచ్చేవాడు, రాజు అంటే కిరీటం పెట్టుకునేవాడు, ఈ ముగ్గురితో ఇప్పుడు మన ఇంట్లో ఏం పని అని వాళ్లు అడిగారు. జవాబు చెప్పలేక తడబడ్డాం. వివరించడం కంటే ఒక మనిషి జీవితం చెప్పడమే మేలనిపించింది. ఆ మనిషి దోర్నకల్ అధ్యక్ష మండలపు మొదటి బిషప్, వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

మేడ్చల్, శామీర్‌పేట వారికి దోర్నకల్ బిషప్‌గారితో ఏమి సంబంధమని కొందరు అడగవచ్చు. సికింద్రాబాదు నుండి ఉత్తరానికి పోయే రెండు దారుల మీద మన ఊళ్లున్నాయి. నిజామాబాదు దారిలో మేడ్చల్, కరీంనగర్ దారిలో శామీర్‌పేట. ఈ వైపు పరిచర్య చేసినవారు వెస్లియన్ మిషన్ వారు. మెదకు పాస్నెట్ దొరగారి పేరు తెలియని క్రైస్తవ కుటుంబం ఇక్కడ లేదు. దోర్నకల్ ఆంగ్లికన్ శాఖకు చెందినది. అయితే 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెతీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడిననాడు మెదకు, దోర్నకల్ ఒకే కుటుంబమయ్యాయి. ఆ ఐక్యత కోసం పాతికేళ్లకు పైగా పాటుపడినవారిలో అజరయ్యగారు ముందు వరుసలో నిలిచారు. గనుక ఆయన మనకు పరాయివారు కారు.

పేరులో ఉన్న సంగతి

పాత నిబంధనలో తైలాభిషేకం ముఖ్యంగా ముగ్గురికి జరిగేది. అహరోను యాజకుడుగా అభిషేకం పొందాడు. సౌలు, దావీదు రాజులుగా అభిషేకం పొందారు. ఎలీషాను ప్రవక్తగా అభిషేకించుమని ఏలీయాకు ఆజ్ఞ వచ్చింది. ఈ మూడు పనులూ సామాన్యంగా ఒకరి చేతిలో ఉండేవి కావు. ప్రవక్త దేవుని మాటను ప్రజల దగ్గరకు తెస్తాడు. యాజకుడు ప్రజల భారాన్ని దేవుని దగ్గరకు తీసుకొనిపోతాడు. రాజు ఆ ప్రజలను న్యాయంగా కాపాడి నడిపిస్తాడు. ఈ ముగ్గురి పనీ ఒక్కరిలో నెరవేరింది గనుకనే మన ప్రభువును మెస్సీయ అని, క్రీస్తు అని పిలుస్తున్నాం. ఆ రెండు మాటలకూ అభిషిక్తుడనే అర్థం.

అజరయ్య అనేది మన బైబిలులోని అజర్యా అనే పేరే. యెహోవా సహాయం చేశాడని దాని భావం. ఆ పేరు గలవారు పాత నిబంధనలో చాలామంది ఉన్నారు. వారిలో ముగ్గురిని చూడండి. రెండవ దినవృత్తాంతముల 15వ అధ్యాయంలో ఓదేదు కుమారుడైన అజర్యా ప్రవక్తగా ఆసా రాజుకు ఎదురుపోయి దేవుని మాట చెప్పాడు. అదే గ్రంథం 26వ అధ్యాయంలో అజర్యా అనే ప్రధాన యాజకుడున్నాడు. రెండవ రాజుల గ్రంథం 15వ అధ్యాయంలో అజర్యా అనే రాజున్నాడు. ఉజ్జియా అని మనం పిలిచే రాజు ఆయనే.

ఈ యాజకుడికీ ఈ రాజుకూ దేవాలయంలోనే ఘర్షణ జరిగింది. రాజు బలపడిన తరువాత గర్వించి, ధూపార్తి తన చేత పట్టుకొని ధూపం వేయబోయాడు. యాజకుడైన అజర్యా ఎనభై మందితో అడ్డుపడ్డాడు. రాజు నొసట కుష్ఠు లేచింది. అధికారం ఉన్నవాడు పరిశుద్ధమైన దానిని కూడా తన సొత్తుగా చేసికొనబోతే ఏమౌతుందో ఆ కథ చెబుతుంది. మన ప్రభువు విషయంలో ఇందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగింది. రాజుగా ఉండవలసినవాడు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. బలి అర్పించవలసిన యాజకుడు తానే బలి అయ్యాడు. దేవుని వాక్యం చెప్పే ప్రవక్త తానే వాక్యమై వచ్చాడు. ఆ పేరు మోసిన అజరయ్యగారు తన జీవితంలో ఈ మూడింటినీ ఎలా కలుపుకొన్నారో ఇప్పుడు చూద్దాం.

పుట్టుక, పిలుపు

1874 ఆగస్టు 17న తమిళ దేశంలోని తిరునెల్వేలి ప్రాంతంలో, వెల్లాలన్‌విళై అనే చిన్న గ్రామంలో అజరయ్యగారు జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకంగారు ఆ గ్రామ సంఘపు గురువు. తల్లి ఎల్లెన్‌గారు. వారిది నాడార్ కుటుంబం. ఆ రోజుల్లో నాడార్లను పెద్ద దేవాలయాల్లో అడుగుపెట్టనిచ్చేవారు కారు. ఊరి చివర నిలబెట్టబడిన ప్రజల బాధ ఆయన పుస్తకాల్లో చదివి తెలిసికొన్నది కాదు. తన జనుల జ్ఞాపకంలో ఉన్నదే.

తిరునెల్వేలిలో చదువు ముగించి మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు. అక్కడ బి.ఏ. పట్టం పుచ్చుకోకుండానే బయటకు వచ్చారు. పట్టం లేకపోయినా పని ఆగలేదు. 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతటా తిరిగి యౌవనస్థుల మధ్య పనిచేశారు. అమెరికా నుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీగారు ఆయనకు జీవితాంతం స్నేహితులయ్యారు. 1898లో చదువుకున్న యువతి అన్బు మరియమ్మాళ్‌గారిని కట్నం పుచ్చుకోకుండా వివాహం చేసుకున్నారు. ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. ఈ కాలంలో కూడా కాదు.

1902లో ఆయన సిలోనులోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో తామే సువార్త పని నడిపించడం చూశారు. ఇంగ్లండు నుండి డబ్బు వస్తేనే సువార్త ముందుకు పోతుందని నమ్మిన తన సొంత ప్రాంతపు సంఘాలను తలచుకొని సిగ్గుపడ్డారు. తిరిగి వచ్చి 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపనకు నడుం కట్టారు. మనుష్యులు మనవారు, డబ్బు మనది, నడిపింపు మనది అన్నది దాని నియమం. ఆ సొసైటీ ఎంచుకున్న పొలం మన తెలంగాణమే. నిజాం రాజ్యంలోని మానుకోట, దోర్నకల్ ప్రాంతానికి 1904లో మొదటి తమిళ సువార్తికుని పంపారు. మరుసటి సంవత్సరం క్రిస్మసు నాడు శేరాంపూరులో అన్ని సంఘాలవారితో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీని కూడా స్థాపించారు.

అజరయ్యగారు మంచి ఉద్యోగంలో ఉన్నారు, దేశమంతా ఆయనకు గౌరవం ఉంది. పొమ్మని ఇతరులను పంపుతూ తాను గడప దాటకుండా ఉండడం ఆయన మనస్సాక్షికి ఒప్పలేదు. 1909లో గురుపట్టం పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. బజారులో పిల్లలు మాట్లాడే తెలుగు కూడా రాని దశ నుండి అక్షరాలు దిద్దడం ప్రారంభించారు. పరదేశం నుండి వచ్చిన మిషనరీ పడే కష్టమంతా ఆయన మన దేశంలోనే పడ్డారు.

ప్రవక్త

1910 జూన్ నెలలో స్కాట్లండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వెయ్యిమందికి పైగా ప్రతినిధులు వచ్చారు. వారిలో ఆసియా ఖండంవారు సుమారు ఇరవైమందే. వారిలో ఒకరు అజరయ్యగారు. పాశ్చాత్య మిషనరీలకూ స్వదేశ సేవకులకూ మధ్య సహకారం గురించి మాట్లాడుమని ఆయనను అడిగారు. అందరూ కృతజ్ఞతా ప్రసంగం వినబోతున్నామనుకొన్నారు.

ఆయన కృతజ్ఞత చెప్పారు. మిషనరీల త్యాగాన్ని, దానాలను, ప్రాణాలొడ్డిన వారి సేవను ఒప్పుకొన్నారు. అయితే అక్కడితో ఆగలేదు. ఆస్తి ఇచ్చారు, శ్రమ ఇచ్చారు, స్నేహం మాత్రం ఇవ్వలేదని చెప్పారు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన స్వదేశ సేవకుని ఇంటికి వెళ్లని, తమ బల్లదగ్గర కూర్చుండబెట్టుకోని దొరలున్నారని చెప్పారు. ప్రేమతో మాకు స్నేహితులు కూడా కావాలని అడిగి ముగించారు. సభలో కొందరికి కోపం వచ్చింది. కొందరికి కన్నీరు వచ్చింది. వందేళ్లు దాటినా క్రైస్తవ లోకం ఆ ప్రసంగాన్ని మరచిపోలేదు.

దీనిని మేము ప్రవక్త పని అంటున్నాం. జరగబోయేది ముందుగా చెప్పడం ఒక్కటే ప్రవక్త పని అయితే ఎడిన్‌బరోలో ఆయన చెప్పింది ప్రవచనం కాదు. తన ముందున్న వారికి చేదైన నిజాన్ని, వారిని ద్వేషించకుండా, వారి మేలు కోరి చెప్పడం ప్రవక్త పని. దానిని ఆయన తన యజమానులైన వారి ముఖాముఖిగానే చేశారు. వారి వెనుక మాట్లాడలేదు. వారిని వదలి పోనూ లేదు.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. దోర్నకల్ గ్రామాల్లో బాప్తిస్మం పొందినవారిని ఆయన దర్శించినప్పుడు ఒక అలవాటు పెట్టారు. ప్రతివారూ తమ చేతిని తమ తలమీద పెట్టుకొని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడనని, సువార్త ప్రకటింపకపోతే తనకు శ్రమ అని, పౌలు మాటను తమ మాటగా చెప్పాలి. చెప్పేవారు ఎవరు? పొలంలో కూలికి పోయే మాలలు, మాదిగలు. చదువురాని స్త్రీలు. దొర ముందు తలెత్తి మాట్లాడే ధైర్యం లేనివారు. ప్రవక్త అభిషేకం బిషప్‌గారి తలమీద మాత్రమే ఉందనుకొంటే పొరపాటు. మీ తలమీదా ఉంది, చేయి పెట్టి చూసుకోండి అని ఆయన చేతలతో నేర్పించారు. దోర్నకల్ సంఘాలు పెరగడానికి కారణం వెదికేవారు మొదట ఇక్కడ చూడాలి.

యాజకుడు

1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్ కెతీడ్రల్‌లో అజరయ్యగారు బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ స్థానం పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయనే. తెల్లవారు ఒక భారతీయునికి లోబడతారా అని ఎందరో ముందుగానే సందేహించారు. ఆనాటి నుండి 1945లో ఆయన మరణించేవరకు, ఒక అధ్యక్ష మండలాన్ని నడిపించిన ఆంగ్లికన్ భారతీయ బిషప్ ఆయన ఒక్కరే. తెల్ల బిషప్పుల మధ్య ముప్పైరెండు ఏళ్లు ఒంటరిగా కూర్చోవడం ఎంత భారమో మనం ఊహించుకోవచ్చు.

మొదట మండలం చాలా చిన్నది. 1920 తరువాత కృష్ణా, కర్నూలు ప్రాంతాల ఆంగ్లికన్ సంఘాలు కూడా కలిసి పెద్దదయింది. 1941 నాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఇందులో అధిక భాగం గ్రామాల్లోని మాల, మాదిగ కుటుంబాలవారు. బిషప్‌గారు ఎడ్లబండి మీద, సైకిలు మీద, కాలినడకన ఆ పల్లెలకు పోయేవారు. గుడారం వేసుకొని అక్కడే ఉండేవారు.

యాజకుడు ప్రజల భారాన్ని దేవుని సన్నిధికి మోయాలి. అయితే ఆ భారం ఏమిటో ఇళ్లలోకి పోయి చూస్తేనే తెలుస్తుంది. గ్రామ క్రైస్తవులను పీడించే దయ్యాలు నాలుగని అజరయ్యగారు చెప్పేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ వెళ్లగొట్టకుండా ఆరాధన మాత్రం జరిపిస్తే చాలునని ఆయన అనుకోలేదు. బడులు, వైద్యశాలలు, పరపతి సంఘాలు, ముద్రణాలయం, వృత్తి విద్య, ఇవన్నీ ఆయన దృష్టిలో బలిపీఠానికి దూరమైన పనులు కావు. దేవునికి సమర్పించవలసిన ప్రజలను నిలబెట్టే పనులే.

ఆయన పెద్ద పోరాటం సంఘం లోపలి కులంతో జరిగింది. మాలవారు, మాదిగవారు ఒకే గుడిలో కూర్చోవడం, ఒకే పాత్రలో ప్రభురాత్రి భోజనం పుచ్చుకోవడం ఎన్నో ఊళ్లలో కష్టమయింది. ఆయన పట్టు విడవలేదు. ఒక పాత్ర అంటే ఒక పాత్రే. ఆ పోరాటంలో ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేం. ఈ రోజు మన వివాహ సంబంధాలు చూసుకుంటే గెలుపు ఎంత దూరాన ఉందో మనకే తెలుస్తుంది. ఆయన ఓడిపోలేదనడానికి కూడా సాక్ష్యం ఉంది. ఒక్క వరుసలో మోకరించి ప్రభురాత్రి భోజనం పుచ్చుకొనే మన బల్లే ఆ సాక్ష్యం.

భార్య అన్బుగారి పేరు చెప్పకుండా ఈ భాగం ముగించకూడదు. గ్రామ స్త్రీలకు, సువార్తికుల భార్యలకు చదువు, బైబిలు, పరిశుభ్రత, బిడ్డల పెంపకం నేర్పించడంలో ఆమె బిషప్‌గారితో సమానంగా శ్రమించారు. ఇచ్చుటను గురించి బిషప్‌గారు ఒక పుస్తకమే వ్రాశారు. పేదవారు ఇవ్వలేరనే మాటను ఆయన ఒప్పుకొనేవారు కారు. వంట చేసే ముందు పిడికెడు బియ్యం ప్రభువు కోసం ప్రక్కన పెట్టే తల్లుల అలవాటు మన తెలుగు సంఘాల్లో ఎంత పాతదో మీకు తెలుసు. ఆ పిడికెడు బియ్యం పెట్టే తల్లి యాజకురాలు కాదా? తన ఇంటి పొయ్యి దగ్గర నిలబడి తన ఆకలిలో ఒక భాగాన్ని దేవునికి అర్పిస్తున్నది. పేతురు భక్తుడు విశ్వాసులందరినీ రాజులైన యాజకసమూహమని పిలిచినప్పుడు ఇటువంటివారే ఆయన మనసులో ఉండి ఉంటారని మా నమ్మకం.

రాజు

మూడవ పని అన్నిటికంటే ప్రమాదకరమైనది. బిషప్ అంటే అధికారం. ఆస్తులు, నియామకాలు, బదిలీలు, క్రమశిక్షణ అన్నీ ఆయన చేతిలో ఉంటాయి. క్రమశిక్షణ విషయంలో అజరయ్యగారు కఠినంగానే ఉండేవారు. అది కొందరికి రుచించలేదు. అయితే ఆ అధికారంతో ఆయన ఏమి కట్టారో చూడాలి.

దోర్నకల్‌లో ఆయన కట్టించిన ప్రధాన దేవాలయం 1939 జనవరి 6న ప్రతిష్ఠించబడింది. పని సాగడానికి ఎన్నో సంవత్సరాలు పట్టింది. స్తంభాలు చూస్తే దక్షిణాది మండపం గుర్తుకు వస్తుంది. గుమ్మటాలు, మినార్లు చూస్తే నిజాం రాజ్యపు కట్టడాలు గుర్తుకు వస్తాయి. ఇంగ్లండు నుండి ఎత్తుకొని వచ్చి పెట్టిన గుడిలా కాకుండా, ఈ నేలమీద మొలిచిన గుడిలా ఉండాలని ఆయన కోరిక. దానికి ప్రత్యక్షత పండుగ పేరు పెట్టారు. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చిన పండుగ అది. బంగారం రాజుకు, సాంబ్రాణి యాజకునికి, బోళం చంపబడబోయే ప్రవక్తకు అని మేము మా పిల్లలకు చెబుతున్నాం. అన్యజనులు కూడా తమ సొంత కానుకలతో ఈ రాజు దగ్గరకు రావచ్చుననే సంగతి ఆ దేవాలయపు రాళ్లు చెబుతున్నాయి.

క్రీస్తు రాజ్యం ఈ లోక సంబంధమైనది కాదని మనకు తెలుసు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇవ్వజూపినప్పుడు అజరయ్యగారు వ్యతిరేకించారు. సంఘం తలలు లెక్కపెట్టుకొని వాటా అడిగే ఒక వర్గంగా మారిపోతుందని ఆయన భయం. మరొక వైపు 1936, 1937 సంవత్సరాల్లో గాంధీగారు హరిజన్ పత్రికలో సామూహిక మతమార్పిడులను గట్టిగా విమర్శించినప్పుడు ఆయన వెనక్కు తగ్గలేదు. పల్లెల పేదలు తమంతట తాము నిర్ణయించుకోగల మనుషులని, వారిని ఎవరో ఎరవేసి పట్టుకొంటున్నారని అనడం వారిని తక్కువ చేయడమేనని ఆయన నమ్మకం. ఒకే సమయంలో బ్రిటిషు దొరతనానికీ, దేశ నాయకునికీ ఎదురు చెప్పారంటే ఆయన ఏ రాజుకు లోబడినవారో తెలుస్తున్నది.

ఆయన తీర్మానాలన్నీ సరియైనవేనా? ప్రత్యేక నియోజకవర్గాల విషయంలో వాదించేవారు ఈనాటికీ ఉన్నారు. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హక్కులు అందకుండా చేసిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వేరే సంగతి. ఆ రెండింటినీ కలపకూడదు. అయినా బిడ్డ ఉద్యోగ దరఖాస్తు నింపేటప్పుడు మతం అనే గడి దగ్గర కలం ఆగిపోయే తండ్రికి, సంఘం రాజకీయాలకు దూరంగా ఉండాలనే మాట చేదుగానే ఉంటుంది. ఆ చేదును దాచకుండా చెప్పుకోవడమే మేలు. మహనీయులను గౌరవించడమంటే వారితో ప్రతి మాటలోనూ ఏకీభవించడం కాదు.

ఆయనను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది సంఘాల చీలిక. 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ శాఖల సేవకులు కూడి ఐక్యత కోసం ప్రకటన చేసినప్పుడు ఆయన అందులో ప్రధానులు. 1927లో స్విట్జర్లండులోని లోసాన్ మహాసభలోనూ అదే భారం వినిపించారు. 1935లో అంబేడ్కర్‌గారు తాను హిందువుగా మరణించనని యేవలాలో ప్రకటించిన తరువాత, లక్షలమంది అణగారిన ప్రజలు ఏ మతం వైపు చూస్తారా అని దేశమంతా ఎదురుచూసింది. మా దగ్గరకు రండి అని పిలిచే సంఘం ఒక్కటి కాదు, డజన్లు. ఏ సంఘంలోకి రమ్మని పిలవాలి? ఒకే రాజుకు ఇన్ని రాజ్యాలా? ఈ ప్రశ్నకు సిగ్గుపడినవారు గనుకనే ఆయన ఐక్యతను ఆలస్యం చేయడం పాపమన్నంత తీవ్రంగా మాట్లాడేవారు.

ఆ ఐక్యతను ఆయన కన్నులారా చూడలేదు. గ్రామ పర్యటన తరువాత కొద్దికాలం జబ్బుపడి, 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. తాను కట్టించిన దేవాలయం ప్రక్కనే సమాధి చేయబడ్డారు. మరి రెండేళ్ల తొమ్మిది నెలలకు దక్షిణ ఇండియా సంఘం పుట్టింది. మోషే కొండమీద నుండి చూసిన దేశంలోకి మనం నడిచి వచ్చాం.

మన సంగతి

ప్రియులారా, ఇప్పుడు మన ఊళ్ల వైపు చూద్దాం. మా చిన్నతనంలో మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలుండేవి. ఇప్పుడు ఆ తోటల్లో చాలా భాగం ప్లాట్లయ్యాయి. అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. శామీర్‌పేట చెరువు అవతల మందుల పరిశోధన సంస్థలు వచ్చాయి. 2016లో మేడ్చల్ పేరు మీద జిల్లాయే ఏర్పడింది. ఒకప్పుడు అందరి ముఖాలూ తెలిసిన గ్రామ సంఘాలు ఇప్పుడు కొత్త కాలనీల మధ్య నిలిచి ఉన్నాయి. భూమి విలువ పెరిగింది. దానితో గుడి స్థలం విలువ కూడా పెరిగింది.

అప్పటి నుండి మన సంఘాల్లో ధూపార్తి కోసం చేయి చాపే ఉజ్జియాలు కూడా పెరిగారు. పేరు చెప్పము గాని, ఒక సంఘంలో కమిటీ ఎన్నికల నాడు ఆరాధన ముగియక ముందే గేటు దగ్గర తోపులాట జరగడం మేము కళ్లారా చూశాం. అంతకు ముందు ఆదివారమే అదే మనుషులం ఒకే వరుసలో మోకరించి ఒకే పాత్రలో పాలు పుచ్చుకున్నాం. ఆనాడు మేము ఎవరినీ ఆపలేదు. ప్రక్కకు జరిగి నిలబడ్డాం. ఈ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఆ రోజు మాలో మిగిలిన సిగ్గే.

తప్పు ఎక్కడ జరిగింది? మూడు అభిషేకాలనూ విడగొట్టి మనం పంచిపెట్టేశాం. ప్రవక్త పని అయ్యగారిది, ఆయన ప్రసంగం చెబితే చాలు. యాజక పని కూడా అయ్యగారిదే, జీతం పుచ్చుకుంటున్నారు గనుక. రాజు పని మాత్రం మాకు కావాలి, కమిటీలో పేరుండాలి. దేవుని మాట చెప్పనివాడు, పొరుగువాని భారం మోయనివాడు ఏలుబడి మాత్రం చేయాలనుకుంటే అది అజర్యా రాజు దారి. మొదటి రెండూ చేసినవానికి మూడవది దానంతట అదే వస్తుంది. వచ్చినప్పుడు అది పళ్లెం, తువాలు రూపంలో వస్తుంది.

అజరయ్యగారి జీవితం మనకు చూపించేది ఒక్కటే. క్రీస్తు అభిషేకం గొప్పవారి దగ్గర ఆగిపోదు. ఆయన ఎడిన్‌బరోలో మాట్లాడిన ధైర్యాన్నే కూలికి పోయే స్త్రీ చేతికి అందించారు. గనుక మా సంఘాల్లో మూడు చిన్న పనులు ప్రారంభించాలని మేము అనుకుంటున్నాం. నిర్ధారణ పొందే ప్రతి బిడ్డా తన చేయి తన తలమీద పెట్టుకొని పౌలు మాట చెప్పాలి. స్త్రీల మైత్రి వారు పిడికెడు బియ్యం సంచిని మళ్లీ తీయాలి. ఆ బియ్యం మన కాలనీల చుట్టూ రేకుల షెడ్లలో ఉంటున్న బీహారు, ఒరిస్సా కూలీల కుటుంబాలకు మన చేతులతో మనమే తీసుకొనిపోవాలి. వారికి మన భాష రాదు, మనకు వారి భాష రాదు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు అక్షరాలు దిద్దిన తమిళ గురువును తలచుకుంటే అది పెద్ద అడ్డంకి కాదు. మూడవది, కమిటీలోకి వచ్చేవారు ఎన్నికకు ముందు ఒక సంవత్సరం ఆ సంచి మోసి ఉండాలి.

ఈ శతవార్షికోత్సవ సమయంలో కట్టిన గోడలను, గంటలను, గోపురాలను బట్టి దేవుని స్తుతిద్దాం. అంతకంటే ఎక్కువగా, మన తలల మీద ఇప్పటికీ ఆరిపోని ఆ తైలాన్ని బట్టి స్తుతిద్దాం. ప్రవక్తయు, యాజకుడును, రాజునైన మన ప్రభువు మన సంఘాలను తన కొరకు సిద్ధపరచుకొనును గాక. ఆమేన్.